మరపు ధ్రువపత్రం

"మోటారు నేను ఆపాను," అన్నారు మాణిక్యాంబ గారు.

"ఆపితే ట్యాంకు పొంగి ఎదురింటి వాళ్ళ ముగ్గు మీదకి నీళ్ళెలా వెళ్తాయమ్మా?" అన్నాడు కొడుకు వేణుగోపాలు.

"ఏమో, ఆ ముగ్గునే అడుగు."

"ముగ్గు మాట్లాడదు కదా."

"మాట్లాడేదాన్ని నేనుంటే నా మాట నమ్మవు కదా. ఆపాను. టిక్కుమంది. అప్పుడు ఇటు తిరిగి పాలు పొయ్యి మీద పెట్టాను."

"ఆ పాలూ పొంగాయి."

కాఫీల దగ్గర మొదలైన ఈ గొడవ టిఫిన్ల దాకా సాగి, ఇప్పుడు వేణుగోపాలు చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే గుమ్మం దాకా వచ్చింది. అతను కాలేజీలో లెక్కల లెక్చరరు. ఏ విషయమైనా రుజువు దాకా తీసుకెళ్తే తప్ప అతనికి అన్నం సయించదు. ఈ మధ్య ఇంట్లో స్విచ్చుల పక్కన, పొయ్యి మీద, గేటుకీ కాగితాలు అంటించాడు. ఒకదాని మీద 'ఆపారా?' అని, ఒకదాని మీద 'కట్టారా?' అని, గేటు మీద 'వేశారా?' అని. మతిమరుపుకి కాకినాడలో మంచి డాక్టరున్నాడని రెండు మూడు సార్లు అన్నాడు కూడా. ఆ మాట వినపడ్డప్పుడల్లా మాణిక్యాంబ గారు పక్కగదిలోకి వెళ్ళిపోయేవారు.

వంటిల్లు వంటమనిషికి వెళ్ళింది. బీరువా తాళాలు జాగ్రత్త కోసమని వేణుగోపాలు దగ్గరికి వెళ్ళాయి. ఇక ఆవిడ చేతిలో మిగిలినవి మోటారూ, పొద్దుటి పాలూ. ఇవాళ్టితో అవి కూడా పోయేట్టున్నాయి.

కోడలు హైమవతి ఎవరి పక్షమూ పట్టలేదు. అత్తగారు ఆపారని నమ్మాలని ఉంది, కానీ నీళ్ళు వీధిలో కనపడుతున్నాయి. ఏ సంగతీ తేలకుండానే టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని ఆఫీసుకి బయల్దేరింది. అక్కడ కూడా తన కోసం తేలని సంగతి ఒకటి కూర్చుని ఉంది.

హైమవతి పట్టణ జల సరఫరా మండలిలో కంప్యూటరు విభాగానికి అధికారిణి. మండలిలో ఒక పెద్ద సర్వరుంది. అందులో ఒక సాఫ్ట్‌వేరుంది. ఒకే కంప్యూటరులో ఆరేడు కంప్యూటర్లు వేరు కాపురాలు చేస్తున్నట్టు వాటినే నమ్మించడం దాని పని. ఒక కాపురంలో ఊళ్ళో కుళాయిలన్నీ ఉంటాయి, ఒకదానిలో ఫిర్యాదులు, ఒకదానిలో మీటర్లు. ఈ మొత్తానికి రోజూ ఒక నకలు తయారై, నెట్‌వర్కు మీదుగా ప్రయాణం చేసి, పంపుహౌసు దగ్గరి గదిలో ఉన్న స్టోరేజి పెట్టెలో కూర్చోవాలి. అదే బ్యాకప్.

సాఫ్ట్‌వేరుని కొత్త వెర్షనుకి మార్చినప్పట్నుంచి అది ఆ పెట్టెని గుర్తుపట్టడం మానేసింది. నకలంతా తయారుచేసి, దారి పొడుగునా మోసుకెళ్ళి, గుమ్మం దాకా వెళ్ళి, 'ఇలాంటి చోటు నాకు తెలియదు' అని వెనక్కి వచ్చేస్తోంది. పెట్టె మాత్రం పచ్చదీపం వెలిగించుకుని ఎదురుచూస్తూనే ఉంది. తయారుచేసిన కంపెనీ తన పొరపాటు ఒప్పుకుని, చిన్న దిద్దుబాటు కూడా పంపింది. దాన్ని ఎక్కించడానికి అరగంట చాలు. ఈలోగా సర్వరులోని డిస్కు ఒకటి పాత కుర్చీలా కిర్రుమంటోంది. అది పోతే ఊళ్ళో ఏ కుళాయి ఎవరిదో చెప్పే దిక్కుండదు.

దిద్దుబాటుకి అనుమతి ఇవ్వాల్సింది పరిపాలనాధికారి భానోజీరావు గారు. నిబంధనల పుస్తకం దిండు కింద పెట్టుకు పడుకుంటారని ఆయన గురించి చెప్పుకునేవారు. ఆయన దాన్ని ఖండించలేదు.

"నిబంధన ఏమంటోందండి?" అని అడిగారాయన.

"విజయవంతమైన బ్యాకప్ లేకుండా సర్వరులో ఏ మార్పూ చెయ్యకూడదండి."

"మరి బ్యాకప్ ఉందా?"

"లేదండి. అది రావడానికే మార్పు చెయ్యాలండి."

"మార్పు చెయ్యాలంటే?"

"బ్యాకప్ ఉండాలండి."

"చూశారా, అంతా మీకే తెలుసు," అన్నారు భానోజీరావు గారు సంతోషంగా, దరఖాస్తు వెనక్కి ఇచ్చేస్తూ.

సంగతి మేనేజింగ్ డైరెక్టరు నృసింహప్రసాద్ గారి దాకా వెళ్ళింది. ఆయనకి ఆ మధ్యనే అవధానాల మీద మోజు పుట్టింది. ఎక్కడ అవధానం జరిగినా ముందు వరసలో కూర్చుని, అవధాని గారు చివర్లో పద్యాలన్నీ వరసపెట్టి ధారణ చేస్తుంటే తను కూడా పెదవులు కదుపుతారు. సమావేశంలో హైమవతి చెప్పిందంతా కళ్ళు మూసుకుని విని, తెరిచి అడిగారు.

"అవధాని గారి ధారణకి ఏ పెట్టె ఉందమ్మా? ఏ కేబులుంది?"

"లేవు సార్."

"ఆయన కొత్త వెర్షనుకి మారితే పాత పద్యం పోతుందా?"

"పోదు సార్."

"మరింకేం. మానవ మేధస్సు అన్ని సాఫ్ట్‌వేర్లతోనూ కుదిరే స్టోరేజి. మన పూర్వులు శాస్త్రాలు మొత్తం ఇలాగే బ్యాకప్ చేశారు. మనం కుళాయిలు చెయ్యలేమా?"

ఎవరూ చెయ్యలేమనలేదు. హైమవతి మాత్రం "కుళాయిలు చాలా ఉన్నాయి సార్," అంది.

"వార్డులుగా పంచండి."

భానోజీరావు గారు గొంతు సవరించుకున్నారు. "నిబంధన ప్రకారం బ్యాకప్ అనేది సర్వరున్న భవనంలో ఉండరాదు సార్. ఉద్యోగులు పగలంతా ఇదే భవనంలో ఉంటారు. భవనానికి ఏదైనా అయితే సర్వరూ పోతుంది, బ్యాకప్పూ పోతుంది."

అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పోయేది తామేనన్న సంగతి కంటే బ్యాకప్ పోతుందన్న సంగతి అక్కడ బరువుగా నిలిచింది. మర్నాటికి సర్క్యులరు వచ్చేసింది.

'ప్రతి ఉద్యోగియు తన గృహమునందలి, పగటివేళ కార్యాలయమునకు రాని, కుటుంబ సభ్యులలో ఒకరిని ధారణా నిలయముగా ప్రతిపాదించవలెను. సదరు నిలయము ప్రతి ఉదయము దూరవాణి ద్వారా పరీక్షింపబడును. ప్రతిపాదించని వారు శాఖాపరమైన చర్యలకు బాధ్యులగుదురు.'

హైమవతి ఇంటికొచ్చి సర్క్యులరు చదివి వినిపించింది.

"నన్నొదిలెయ్. నాకు నా ఫోన్ నంబరే గుర్తుండదు," అన్నాడు వేణుగోపాలు.

"నాకు సెమిస్టరు పరీక్షలు. మామ్మని పెట్టమ్మా," అంది కూతురు లాస్య, ఫోనులోంచి తలెత్తకుండా.

వేణుగోపాలు నవ్వాడు. "మోటారు ఆపడమే గుర్తుండదు, వార్డు మొత్తం గుర్తుంటుందా?"

మాణిక్యాంబ గారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. తలెత్తలేదు. "చదువు హైమా. విందాం," అన్నారు.

హైమవతి తనకిచ్చిన కాగితాల్లోంచి మొదటిది తీసింది. "నాలుగో వార్డు. రంగులమేడ సందు. మొదటి ఇల్లు కంచర్ల భద్రయ్య గారిది, అర అంగుళం కుళాయి, మీటరు తిరగదు. పక్కిల్లు దొమ్మేటి సూరీడు గారిది, ముప్పావు అంగుళం, బురదనీళ్ళని ఫిర్యాదు. ఆ పక్కది..."

సందు అయ్యేదాకా చదివింది. మాణిక్యాంబ గారు చిక్కుడుకాయ పక్కన పెట్టి, సందు మొదట్నుంచి చివరికి చెప్పారు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, చివర్నుంచి మొదటికి చెప్పారు. దారిలో భద్రయ్య గారి మీటరు అటు నుంచి చూసినా తిరగలేదు.

లాస్య ఫోను పక్కన పెట్టింది. "ఎలా మామ్మా?"

"ఇందులో ఏవుందే? పేరంటం పిలుపులకి ఎన్నేళ్ళు తిరిగానో నాకే తెలీదు. ఏ ఇల్లూ తప్పకూడదు. తప్పితే పదేళ్ళు మాటల్లేకుండా పోతాయి. ఇదీ అంతే. సందులోకి వెళ్తాను, గుమ్మంలో నిలబడతాను, ఎవరమ్మా లోపల అంటాను. ఒకావిడ బురదనీళ్ళ బిందె పట్టుకుని వస్తుంది. ఆ మొహం మళ్ళీ మర్చిపోతానా?"

వేణుగోపాలు కాసేపటికి లేచి వెళ్ళి, ఎవరూ చూడటం లేదనుకుని, స్విచ్చు పక్కన అంటించిన కాగితం పీకేశాడు.

ఆ తర్వాత రోజులు పండగలా నడిచాయి. పొద్దున్నే మండలి నుంచి ఫోను వచ్చేది. "నిలయం గారేనాండి?" అని అడిగేవాడు అవతలి కుర్రాడు. "ఆయ్, నిలయాన్నే," అని మాణిక్యాంబ గారు మంచం మీద సర్దుకుని కూర్చునేవారు. చెప్పడం అయ్యాక, నిన్న ఏ ఇంటికి కొత్త కుళాయి వచ్చిందో, ఏది కోసేశారో అతను చెప్పేవాడు. ఆవిడ అవి కలుపుకునేవారు.

నిబంధనల పుస్తకం తీశాక అది ఒక పేజీ దగ్గర ఆగేది కాదు. స్టోరేజి పరికరాలు వేడెక్కరాదని అందులో ఉంది. అంచేత నిలయములతో కుటుంబ సభ్యులు వాదులాడరాదని ఇంకో సర్క్యులరు వచ్చింది. బయటి సమాచారంతో వైరస్ సోకే ప్రమాదం ఉంది గనుక నిలయములు టీవీ సీరియళ్ళు చూడరాదన్నారు. దాని మీద ఊళ్ళో అత్తగార్లందరూ ఒకేసారి ఎదురు తిరిగేసరికి, పాత ఎపిసోడ్లు చూడవచ్చునని సవరణ వచ్చింది. కరెంటు పోయినా పరికరం ఆగకూడదు కాబట్టి వేళకి కాఫీ అందించే బాధ్యత ఉద్యోగిదే అన్నారు. బిల్లుల విభాగంలో సువార్తమ్మ గారింట్లో కవల ఆడపడుచులున్నారని తెలిసి, ఒకే వార్డు ఇద్దరికీ ఇచ్చి, ఒకరు పోయినా ఒకరుంటారని ఆ ఇంటికి ప్రశంసాపత్రం పంపారు. ఒకరు పోవడమన్న మాట దేనికని ఆ అక్కచెల్లెళ్ళు పత్రం తిప్పి పంపేశారు.

మాణిక్యాంబ గారి పేరు నాలుగో వార్డు దాటింది. గొయ్యి తవ్వాల్సొస్తే, లైనుమాను మండలికి కాకుండా ఆవిడకి ఫోను చేసేవాడు. "గొట్టం ఎటు పోయిందండి మామ్మగారూ?" అంటే, "సూరీడు గారి ప్రహరీ దాటి కుడికి తిరిగావా? అక్కడ జామచెట్టుంటే ఇంకాస్త ఎడంగా తవ్వు," అనేవారు. ఇంట్లో మోటారు గురించి, పాల గురించి ఎవరూ ఎత్తడం లేదు. ఒకరోజు వేణుగోపాలే వచ్చి, "అమ్మా, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో చూశావా?" అని అడిగాడు. ఆవిడ వెంటనే చెప్పలేదు. కాసేపు ఆ ప్రశ్నని అలాగే ఉండనిచ్చి, తర్వాత చెప్పారు.

ఈ కొత్త పద్ధతిని పరిశీలించడానికి ఢిల్లీ నుంచి ఒక బృందం వచ్చింది. టౌన్‌హాల్లో వేదిక కట్టారు. అసలు అవధానంలో ఉన్నట్టే పృచ్ఛకుల్ని కూర్చోబెట్టారు. ఒకాయన కుళాయిలు అడుగుతాడు, ఒకాయన మీటర్లు, ఒకాయన మధ్య మధ్య గంట కొడతాడు. ధ్యాస మళ్ళించడానికి పిచ్చి ప్రశ్నలేసే అప్రస్తుత ప్రసంగం పని ఒక రిటైరయిన ఇంజనీరు గారికి అప్పగించారు.

మాణిక్యాంబ గారు పట్టుచీర కట్టుకుని నాలుగో వార్డులో సగం దాకా వచ్చేసరికి ఆయన అందుకున్నాడు. "అమ్మా, కోడలు మంచిదా, కూతురు మంచిదా?"

"రెండు కుళాయిలకీ ఒకటే గొట్టం బాబూ. ఏది ముందు తిప్పితే దానికొస్తాయి నీళ్ళు. తమరిల్లు కూడా మా వార్డేనండి. మీ కుళాయికి చాటుగా మోటారు బిగించారు. అది ఇప్పుడు చెప్పనా, వరసలో వచ్చినప్పుడు చెప్పనా?"

హాలు హాలంతా నవ్వింది. ఇంజనీరు గారు తర్వాత అప్రస్తుతం ఏదీ మాట్లాడలేదు. తెలుగు రాని ఢిల్లీ బృందం మిగతా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. మిగతా నిలయాలు కూడా వరసగా చెప్పేసరికి వార్డులన్నీ పూర్తయ్యాయి. నృసింహప్రసాద్ గారు వేదిక మీదే, కెమెరాల ముందు, 'సంపూర్ణ విజయవంతమైన బ్యాకప్' అని ధ్రువపత్రం మీద సంతకం చేశారు.

ఆ మాట చూడగానే హైమవతికి నిబంధనలో ఉన్న మాట గుర్తొచ్చింది. దండలేస్తుండగానే పత్రం నకలు తీసుకుని, పక్క తలుపు దగ్గర నిలబడ్డ భానోజీరావు గారి దగ్గరికి వెళ్ళింది.

"విజయవంతమైన బ్యాకప్ ఉందండి. ఇప్పుడు మార్పు చెయ్యొచ్చాండి?"

ఆయన పత్రం అటూ ఇటూ తిప్పి చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఎక్కడా అభ్యంతరం దొరకలేదు. తన సొంత వస్తువేదో పోగొట్టుకున్నవాడిలా సంతకం పెట్టారు.

హైమవతి ఆటో ఎక్కి ఆఫీసుకి వెళ్ళింది. సభలో వందన సమర్పణ అయ్యేలోపు దిద్దుబాటు ఎక్కింది. సాఫ్ట్‌వేరు నకలు మోసుకెళ్ళి, పెట్టె గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళిపోయింది. కిర్రుమనే డిస్కుని తీసి హైమవతి బల్ల మీద పెట్టింది. దాన్ని చూసి కాసేపు ఊరికే నవ్వుకుంది.

నృసింహప్రసాద్ గారు ఏమంటారోనని భయపడింది గానీ, ఢిల్లీలో అవార్డు తీసుకుని వచ్చిన ఆయన ఏమీ అనలేదు. "చూశారా, ధారణ ప్రభావంతో ఆ పెట్టెకి కూడా బుద్ధొచ్చింది," అన్నారు.

కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ భానోజీరావు గారు ఊరుకోలేదు. స్టోరేజి పెట్టె పనిచేస్తున్నప్పుడు ధారణా నిలయములు అదనపు పరికరాలవుతాయి. అదనపు పరికరాలను సేవల నుంచి తొలగించాలి. తొలగించేముందు అందులోని సమాచారాన్ని పూర్తిగా చెరిపి, చెరిపినట్టు ధ్రువపత్రం తీసుకోవాలి.

"మనుషుల్లోంచి ఎలా చెరుపుతారండి?" అంది హైమవతి.

"డిస్కులైతే ఏం చేస్తారు?"

"పాతదాని మీద పనికిరాని సమాచారం మూడుసార్లు రాస్తామండి."

"అలాగే కానివ్వండి."

నిలయాలన్నిటినీ వరసగా కూర్చోబెట్టి మండలి వార్షిక నివేదికలు మూడేసిసార్లు చదివి వినిపించారు. చాలామంది రెండో చదువుకే నిద్రపోయారు. అది ఆశాజనకమైన లక్షణంగా నమోదయింది. తర్వాత ఒక్కొక్కర్నీ కమిటీ ముందుకు పిలిచి వాళ్ళ వార్డు గురించి అడగడం, వాళ్ళు తెలియదనడం, 'వీరి స్మృతి సంపూర్ణముగా నశించినది' అని ఫొటో అంటించిన పత్రం చేతికివ్వడం, ఒక నకలు నోటీసుబోర్డు మీద పెట్టడం. స్టోర్సులో పనిచేసే గంగరాజు వాళ్ళ నాన్న ఉత్సాహం కొద్దీ తన పేరు కూడా తెలియదన్నాడు. కమిటీ ఆయన్ని ప్రత్యేకంగా అభినందించింది. ఆ వారంలోనే వాళ్ళ పెద్దబ్బాయి పత్రానికి పటం కట్టించి, పెద్దాయన దగ్గరున్న బీరువా తాళాలు తీసేసుకున్నాడట. ఏవన్నా అంటే పటం చూపిస్తున్నాడట.

మాణిక్యాంబ గారి వంతు సోమవారం. ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు హైమవతి ఆ సంగతి చెప్పింది. చెప్పడానికి పొద్దుట్నుంచీ ప్రయత్నిస్తోంది.

"ఇందులో ఏవుందమ్మా?" అన్నాడు వేణుగోపాలు పప్పు కలుపుకుంటూ. "ఏదడిగినా తెలీదను. నాలుగుసార్లు తెలీదంటే ఇంటికొచ్చేస్తావు."

మాణిక్యాంబ గారు కోడలి వైపు తిరిగారు. "నా ఫొటో అంటిస్తారా?"

"అంటిస్తారండి అత్తయ్యగారూ."

"మతి పోయిందని రాస్తారు."

"స్మృతి అని రాస్తారండి."

"కింద సంతకం నీదేనా?"

"నాదీ, భానోజీరావు గారిదీ."

"తెలుసని చెబితే?"

హైమవతి మజ్జిగ గిన్నె అత్తగారి వైపు జరిపింది. "సమాచారం బయట ఉండిపోయిందని నాకు మెమో ఇస్తారు. పై ప్రమోషను ఆపేస్తారేమో," అంది.

"ఉత్తుత్తి కాగితమే మామ్మా," అంది లాస్య.

"ఉత్తుత్తిదే," అన్నాడు వేణుగోపాలు. "పారేద్దాం దాన్ని. ఇంట్లో ఎవరడుగుతారు?"

అడగరు. హైమవతికి ఆ సంగతి తెలుసు. ఎవరూ అడగరు, ఎవరూ ఏమీ అనరు. మళ్ళీ ఎప్పుడో పాలు పొంగినప్పుడు, అందరూ ఆ కాగితాన్నే తలుచుకుంటారు. తనూ తలుచుకుంటుంది.

మాణిక్యాంబ గారు మజ్జిగన్నం ముగించారు. విస్తట్లో ఒక్క మెతుకు లేకుండా కూడదీసుకుని తిన్నారు. గ్లాసులో నీళ్ళు తాగి, కొడుకునీ, మనవరాలినీ, చివరికి కోడలినీ చూశారు. ఆవిడ గొంతు పెంచలేదు.

"రేపు వస్తాను హైమా. వాళ్ళు ఏ ఇల్లడిగితే ఆ ఇంటి సంగతి చెబుతాను. తెలిసింది తెలీదని నా నోటితో నేను అనను. నీకు మెమో ఇస్తే ఇంటికి పట్టుకురా. ఒక్కసారి చదివి వినిపించు. అదీ గుర్తుంచుకుంటాను."